ఏమీ మొలవకూడని ప్లేటు

కొత్తగా పరిశోధనలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు కల్లూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, గోడ మీది శాలువాల ఫోటోలు చూస్తారు, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని విషయం ఏదైనా చెప్పండి" అంటారు. వాళ్ళకు కావలసిందేమిటో ముఖాల్లోనే తెలిసిపోతుంది. కష్టపడ్డాం, చివరికి సాధించాం అనే కథ కావాలి. అలాంటివి నా దగ్గర ఒకటి రెండు లేకపోలేదు కానీ, చెప్పీ చెప్పీ నాకే విసుగు పుట్టింది. గెలిచిన కథ విన్నాక చప్పట్లు కొట్టడం తప్ప చేసేదేముంది? అందుకని ఈసారి ఓడిపోయిన కథ రాస్తున్నాను. ఓడిపోయింది నేను కాదు, నా కళ్ళెదుట ఒక అమ్మాయి. పేర్లేవీ రాయను. ఇందులోని వాళ్ళు కొందరు ఇప్పటికీ ఈ ఊళ్ళోనే తిరుగుతున్నారు.

చాలా ఏళ్ళు కాలేజీల్లో పాఠాలు చెప్పి, రిటైరయ్యే ముందు చివరి కొన్నేళ్ళు నేను కర్నూలులో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో పనిచేశాను. మాది ఈస్ట్ ల్యాబు. ఈస్ట్ అంటే ఏదో అనుకునేరు, బేకరీవాడు బన్ను పొంగడానికి మైదాలో కలిపేదే. మా చుట్టాల్లో చాలామంది నేను రొట్టెల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాననే అనుకునేవారు. "ఏమ్మా, కేకులన్నా తెస్తావనుకుంటే వట్టి చేతులతో వస్తావు" అని మా మేనత్త పెళ్ళిళ్ళలో నలుగురి ముందూ సాధించేది.

అసలు సంగతి ఏమిటంటే, ఒక కణం రెండు కణాలుగా విడిపోవడానికి మన ఒంట్లో ఏ పద్ధతి నడుస్తుందో, కొంచెం అటూ ఇటూగా ఈస్ట్‌లోనూ అదే నడుస్తుంది. మనిషిలో ఒక జీన్‌ను చెడగొట్టి ఏమవుతుందో చూద్దామంటే కుదరదు. ఈస్ట్‌లో చెడగొట్టవచ్చు, బాగు చేయవచ్చు, మళ్ళీ చెడగొట్టవచ్చు, అది కేసు పెట్టదు. ప్రపంచమంతా దీనితోనే ఎన్నో జన్యు రహస్యాలు విప్పుకున్నారు. మేమూ ఒక మూల కూర్చుని ఒక చిన్న ముడి విప్పుదామని ఆశపడ్డాం.

ల్యాబుకు పెద్ద ఒకాయన ఉండేవారు. మేమంతా వెనకాల పెద్దాయన అనేవాళ్ళం. పొలాలూ పలుకుబడీ ఉన్న కుటుంబం. తమ్ముళ్ళు కాంట్రాక్టులు చేశారు, రాజకీయాల్లో తిరిగారు. ఈయన ఒక్కడే ఈ కంటికి కనబడని జీవిని పట్టుకుని కూర్చున్నాడని ఇంట్లో వాళ్ళకు ఒక చిన్నచూపు. "మా అన్నకు పొలమిస్తే దాంట్లో కూడా ఈస్టే వేస్తాడు" అని తమ్ముడొకాయన మా ముందే అన్నాడు. పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. కానీ రిటైరయ్యేలోగా తన పేరు చెప్పుకునే ఒక్క మంచి పని బయటకు రావాలని ఆయనకు లోలోపల మంట. అది నాకు తెలుసు.

ఆ పని చేయడానికి దొరికిన మనిషి పత్తికొండ అవతల పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి. క్రైస్తవ కుటుంబం. తండ్రికి కొంచెం మెట్ట చేను, వానొస్తే వేరుశెనగ, బోరు పోస్తే టమాటా. ఆయన వాళ్ళ ఊరి చర్చి సంఘంలో పెద్ద. ఆ పిల్ల మాట తక్కువ, పని ఎక్కువ. పని చేసుకుంటూ లోగొంతులో ఏదో కీర్తన గొణుగుకునేది. మంచిపిల్లే కానీ మహా మొండిఘటం. ఒకసారి కాదంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా కాదే.

ఇక్కడ కొంచెం పని గురించి చెప్పాలి. మేము వాడిన ఈస్ట్ మామూలుది కాదు. దానిలో ఒక జీన్ దెబ్బతిని ఉంటుంది. చల్లగా ఉంటే హాయిగా పెరుగుతుంది. మనిషి ఒంటి వేడి తగిలిందా, ఉన్నచోటే బిగుసుకుపోతుంది, ఇక విడిపోదు. చల్లని దేశాల వాళ్ళు దాన్ని ఆపడానికి వేడి పెట్టె కొనుక్కుంటారు. మాకు ఎండాకాలం దాన్ని బల్ల మీద వదిలేస్తే చాలు. మాకు పెట్టె కావలసింది దాన్ని బతికించుకోవడానికి. ఎండకు ఆగిపోయిన ఈ ఈస్ట్‌కు ఏ జీన్ అదనంగా ఇస్తే మళ్ళీ నడుస్తుంది? అదీ ఆ అమ్మాయికి పెద్దాయన ఇచ్చిన ప్రశ్న.

మొదటి చలికాలంలోనే దొరికింది. ఒక జీన్ ఇచ్చి, తిండి పోసిన గాజు ప్లేటులో వేసి, పక్క ల్యాబు వేడి పెట్టెలో పెట్టినా ఈస్ట్ పెరిగింది. ఆ జీన్ ఇవ్వని ఈస్ట్‌ను పక్క ప్లేటులో అదే వేడిలో పెట్టి చూశారు. అందులో ఏమీ మొలవలేదు. ఆ రెండు ప్లేట్లనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీశారు. ఒకటి నిండుగా, ఒకటి బోసిగా. పెద్దాయన ఆ రోజు మైసూరుపాకు తెప్పించి అందరికీ పంచారు, వాచ్‌మన్‌తో సహా. అప్పటి వరకూ అంతా నిజమే. తప్పు ఎక్కడా లేదు.

తరువాత వచ్చిన ప్రశ్న, ఆ జీన్‌లో ఏ భాగం ఈ పని చేస్తోంది అని. అమ్మాయి దాన్ని ముక్కలు చేసింది. ఒక్కో ముక్కనూ ఈస్ట్‌లోకి పంపి వేడిలో పెట్టి చూసింది. ముందు ముక్క పెడితే మొలిచింది. వెనక ముక్క పెట్టినా మొలిచింది. సగానికి కోసినా మొలిచింది. చిన్న తోక ముక్క మిగిల్చినా మొలిచింది. ఇప్పుడు రాస్తుంటే ఎవరికైనా అనుమానం రావాలి కదా అనిపిస్తుంది. అప్పుడు మాకు ఆనందం వచ్చింది. ఆ తోక ముక్కలోనే మహత్తంతా ఉందని పెద్దాయన ఒక సిద్ధాంతం అల్లారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, ఎవరు ఏ ప్రశ్న వేసినా ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. సదస్సుల్లో చెప్పారు. విన్నవాళ్ళు బాగుందన్నారు. ఆ అమ్మాయి థీసిస్ మొత్తం ఆ ముక్కల మీదే కట్టుకుంది.

మరి ఏ జీనూ ఇవ్వని ప్లేటును ప్రతిసారీ పక్కన పెట్టి చూడలేదా అని మీరు అడుగుతారు. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్తే మీరు నవ్వుతారు. ఈ నేల మీద పుట్టినవాళ్ళు నవ్వరు.

ఈస్ట్‌కు తిండి కావాలి. ఆ తిండి ప్లేటులో గడ్డకట్టడానికి కలిపే అగర్ పొడి ఆర్డరు పెడితే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. దానికి కావలసిన శుద్ధమైన నీళ్ళు తయారు చేయాలంటే కుళాయిలో ముందు నీళ్ళు రావాలి. తుంగభద్ర ఊరి పక్కనే ఉన్నా ఎండాకాలం కుళాయికి దయ కలిగినప్పుడే నీళ్ళు. మేము డ్రమ్ముల్లో పట్టుకునేవాళ్ళం. అంత తిప్పలు పడి తయారుచేసిన తిండిని, ఏమీ మొలవదని తెలిసిన ప్లేటులో పోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పెద్దాయన నోటితోనే చెప్పేవారు. "అది మొలిచేది లేదు, చూసినాం గదా. మొలవని నేలకు మళ్ళా మళ్ళా నీళ్ళు పెడతారా ఎవరన్నా? పాత ఫోటో ఉండాది, చాలు."

నాకు కూడా అది న్యాయంగానే తోచింది. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళను మొక్కకు పోసేది, పాత్రలు కడిగిన నీళ్ళను బర్రెకు పెట్టేది. పడావు భూమికి కుండెడు నీళ్ళు పోసేవాణ్ణి మా వైపు పిచ్చివాడంటారు. ఏమీ రాదని తెలిసి, రాకపోవడాన్ని చూడడం కోసమే ఖర్చు పెట్టడం అనేది మాకు పుస్తకంలో చదివిన నీతి, ఒంటికి పట్టిన నీతి కాదు.

ఇక ఈస్ట్ సంగతి. చల్లని పెట్టె ఎండాకాలం వచ్చిందంటే మూలన పడేది. కరెంటు పోయి వచ్చే దెబ్బకు దానిలో ఏదో కాలిపోయేది. బాగు చేసేవాడు హైదరాబాదు నుంచి రావాలి, వాడు రేపంటే వారం. అన్నాళ్ళూ ప్లేట్ల మీద తడి గోనెసంచి కప్పి ఫ్యాను కింద పెట్టేవాళ్ళం, ఇంట్లో నీళ్ళ కుండకు చేసినట్టే. గడ్డకట్టించి దాచిన అసలు ఈస్ట్ వేరే సంస్థ ఫ్రీజరులో ఉండేది. దాన్ని అడిగి తెచ్చుకోవడం ఒక తతంగం. అందుకని పాత ప్లేటు నుంచి కొంచెం తీసి కొత్త ప్లేటులో వేయడం, దాన్నుంచి ఇంకో దానిలో వేయడం, పెరుగుకు తోడు వేసినట్టు అలా నడిపించేశాం. ఆ గోనెసంచి కింద ఏం జరుగుతోందో ఎవరం చూడలేదు.

థీసిస్ రాయడం అయింది. ఇచ్చే ముందు బయటి ప్రొఫెసర్ ఒకాయన చదివి తన మాట చెప్పాలి. మర్యాదస్తుడు. అంతా మెచ్చుకుని చివర ఒక్క కోరిక కోరారు. ప్రతి ముక్క పక్కనా, అదే రోజు పెట్టిన, ఏమీ ఇవ్వని ప్లేటు బొమ్మ కూడా ఉంటే బాగుంటుందన్నారు.

పెద్దాయన తేలిగ్గా తీసుకున్నారు. "ఆ పాతదే అన్నింట్లో పెట్టమ్మా" అన్నారు.

"మళ్ళా పోస్తా సార్. ఎంతసేపు పని?" అంది అమ్మాయి. అగర్ అప్పుడే కొత్త డబ్బా వచ్చి ఉంది. ఆమె ధైర్యం అదే.

ఆ తరువాత ఒక పొద్దున నేను వచ్చి చెప్పులు విడుస్తుంటే తలుపు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో ప్లేటు.

"మేడమ్, ఇది సూడండి."

చూశాను. ప్లేటు నిండా తెల్లగా, నిగనిగలాడుతూ, దట్టంగా ఈస్ట్.

"బాగుంది. ఏ ముక్క ఇది?"

"ముక్క కాదు మేడమ్. ఖాళీది. ఏమీ ఇయ్యలేదు."

నేను మొదట నమ్మలేదు. ప్లేట్లు తారుమారయ్యాయేమో, ఏదో బయటి సూక్ష్మజీవి పడిందేమో అన్నాను. "నేనూ అట్లే అనుకున్నా. ఇది మూడోసారి పోసింది. మీకు ఊరికే ఏంటికి చెప్పేదని చెప్పలా" అంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

ఆ పూటంతా ఇద్దరం కూర్చుని ఆలోచిస్తే విషయం తెలిసింది. ఎండాకాలాల్లో ఆ గోనెసంచి కింద మా ఈస్ట్ దాదాపు అంతా ఆగిపోయింది. దానిలో ఏ ఒకటో రెండో కణాలు తమంతట తాము మారి, వేడికి తట్టుకోవడం నేర్చుకున్నాయి. అవే పెరిగాయి. మేము తోడు తీసినప్పుడల్లా వాటినే తీశాం. చివరికి ప్లేట్లలో మిగిలింది వాటి సంతానమే. ఇక దానికి జీన్ ఇచ్చినా ఒకటే, ముక్క ఇచ్చినా ఒకటే, ఏమీ ఇవ్వకపోయినా ఒకటే. ఎలాగూ మొలుస్తుంది. మేము మాత్రం ప్రతిసారీ మా ముక్క వల్లే మొలిచిందని చప్పట్లు కొట్టుకున్నాం.

ఫ్రీజరులోని అసలు ఈస్ట్‌ను తెప్పించి మళ్ళీ చూసింది. అది బుద్ధిగా వేడికి ఆగిపోయింది. పూర్తి జీన్ ఇస్తే లేచింది. ముక్కలు ఏవి ఇచ్చినా లేవలేదు. తోక ముక్క అయితే అసలు కదలలేదు. మొదటి చలికాలం పని ఒక్కటే నిలిచింది, తరువాతి ఏళ్ళన్నీ పోయాయి. పోనీ ఆ మొదటి పనైనా మిగిలిందా అంటే, ఈలోగా అదే జీన్ గురించి ఇంకెక్కడో ఎవరో రాసి అచ్చు వేసుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

పెద్దాయనకు చెప్పినప్పుడు నేనూ గదిలో ఉన్నాను. ఆయన ప్లేటును కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు. కోప్పడలేదు. మెల్లగా అన్నారు. "పాత ఫోటో అబద్ధం కాదమ్మా. ఆ దినం మొలవలేదు, అది నిజమే గదా. ఆ ఫోటో పెట్టి ఇచ్చెయ్యి. నీకు గడువు శానా లేదు. తరువాత నిదానంగా సరిచేద్దాం."

"అది అప్పటి ఈస్ట్‌ది సార్. ముక్కలన్నీ ఇప్పటి ఈస్ట్‌లో చేసినవి."

"ఎవరికి తెలుస్తాదమ్మా?"

ఆమె ఆయన చేతిలోంచి ప్లేటు తీసుకుని మూత పెట్టింది. ఆయనా మళ్ళీ అడగలేదు. ఆయన దుర్మార్గుడని రాయడానికి నాకు చేయి రావడం లేదు. మునిగేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు. ఆ రోజు నుంచి ల్యాబులోకి రావడం మానేశారు. తన గదిలో కూర్చుని పేపరు చదివేవారు, అదే పేజీ గంటల తరబడి. రిటైరయ్యే రోజున వీడ్కోలు సభ వద్దన్నారు. ఆ తరువాత ఎంతో కాలం బతకలేదు. ఆయన తమ్ముడు చావుకు వచ్చిన వాళ్ళతో "మా అన్న ఏదో మందు కనిపెట్టినాడు" అని చెప్తుంటే నేను విని ఊరుకున్నాను.

గడువు సంగతి చెప్పాలి. ఆమె థీసిస్ ఇవ్వడానికి ఉన్న ఆఖరి గడువు ఆ ఏడు వానాకాలం చివరికి. అది దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది. ఒక మహిళా కళాశాలలో లెక్చరర్ ఉద్యోగం ఉంది, ఇంటర్వ్యూ అయింది, డాక్టరేటు ఉంటేనే అది ఆమెది. నేను గడువు పొడిగించమని అడగడానికి ఆఫీసుల చుట్టూ తిరిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. "ఇదివరకే ఒకసారి పొడిగించినాం మేడమ్" అన్నారు. నిజమే, పొడిగించారు. పెట్టె చెడిపోయిన ఒక ఎండాకాలానికి.

ఒక రోజు ఆమె తండ్రి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ల్యాబు బయట వరండాలో నిలబడి "వందనాలు మేడమ్" అని చేతులు జోడించాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరన్నా చెప్పండి మేడమ్ మా పాపకు. ఒక్క బొమ్మంట. పాత బొమ్మ పెడితే అయిపోతాదంట. సారే చెప్పినాడంట. ఈమె పెట్టనంటాది."

నాకు ఒళ్ళు మండింది. "సంఘ పెద్ద మీరు. మీరే ఇలా అంటారా?" అన్నాను.

"అబద్ధమేముండాది మేడమ్ అందులో? వాళ్ళు తీసిన బొమ్మే గదా. ఇంకొకరిది దొంగలించుకొచ్చింది కాదు గదా." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఈ ఏడు మా చేన్లో ఏమీ లేదు. వేరుశెనగ ఏసినాం, మొలకే రాలా. బోరు ఎండిపాయ. కోత పండగ వస్తాండాది. ఊర్లో అందరూ ఏదో ఒకటి ఎత్తుకపోయి బల్ల మీద పెడతారు. నేనేం ఎత్తుకపోవాల? మా పాప పుస్తకం పెడతానని సంఘమంతా చెప్పినా. మా ఇంటి పంట ఈసారి అదే అన్నా."

కోత పండుగ అంటే తెలియని వాళ్ళకు చెప్తాను. పల్లె చర్చిల్లో పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం, ఎవరి చేలో పండింది వాళ్ళు కొంచెం తెచ్చి ముందు బల్ల మీద పెట్టి దేవునికి కృతజ్ఞత చెప్తారు. కందులు, జొన్నలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోడి, ఏదైనా సరే. ఏమీ లేకుండా ముందుకు పోవడం నామోషీ.

అమ్మాయి లోపలి నుంచి వచ్చింది. అంతా విన్నట్టుంది.

"నాయనా, నువ్వు పో. నేను పెట్టలేను."

"పెట్టలేవా, పెట్టవా?"

"పెట్టను."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. మా ఇద్దరి మీదా కోపం చూపించడానికి ఆయనకు వీలు లేకపోయింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కనీసం మంచినీళ్ళు కూడా తాగలేదు.

గడువు దాటిపోయింది. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తోంది, షేర్ ఆటోలో పోయి వస్తుంది. కనిపిస్తే పలకరిస్తుంది. మళ్ళీ రిజిస్టర్ చేసుకోమని నేను రెండు మూడుసార్లు చెప్పాను. "చూద్దాం మేడమ్" అంటుంది. అంటే లేదని. డాక్టరేటు ఆమెకు రాలేదు. ఇక రాదు.

ఇక్కడితో ముగిస్తే మీరంతా ఆమె నిజాయితీని పొగిడి, ఒక నీతి ఏరుకుని ఇంటికి పోతారు. మీకు ఆ సౌకర్యం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నాకు గుర్తుండిపోయింది నిజాయితీ కాదు. ఆ ఏటి కోత పండుగ.

గడువు పోయిన కొన్నాళ్ళకు ఆమె ఫోన్ చేసింది. "ఆదివారం మా ఊరికి వస్తారా మేడమ్? నాయన ఇంకా సంఘంలో చెప్పలేదు. నేనే చెప్పల్ల. ఒక్కదాన్నే చెప్పలేను" అంది. ఏదైనా కావాలని ఆమె నన్ను అడగడం అదే మొదలు. వెళ్ళాను.

రేకుల కప్పు వేసిన చిన్న చర్చి. చాపల మీద ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. దారి పొడవునా చేలు ఎర్రగా, బోడిగా ఉన్నాయి. ముందు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచారు కానీ దాని మీద పెట్టింది చాలా తక్కువ. నాలుగు గుమ్మడికాయలు, చేటలో కాసిని కందులు, వడలిపోయిన టమాటాలు, ఎవరో అంగట్లో కొని తెచ్చిన అరటిపళ్ళు. ఒక్కో ఇంటి వాళ్ళనూ పాస్టరుగారు పిలుస్తుంటే లేచి పోయి పెట్టి వస్తున్నారు. కొందరు పిలిచినా తల వంచుకుని కూర్చున్నారు.

ఈ కుటుంబం వంతు వచ్చింది. తండ్రి లేవలేదు. ఆమె లేచింది. చీర కొంగు తల మీదికి లాక్కుని, ఉత్త చేతులతో బల్ల దగ్గరికి పోయి నిలబడింది.

"అందరికీ వందనాలు. మా నాయన నా పుస్తకం తెచ్చి పెడతాడని మీకు చెప్పినాడు. నేను తేలేదు. ఇంక రాదు కూడా. రొట్టెల్లో వేసే ఈస్టని ఒకటుండాది. నేను పెంచేది ఎట్లాంటిదంటే, ఎండ తగిలితే పెరగదు. దానికొకటి కలిపితే ఎండలో గూడా మొలిచింది. నేను కలిపినదాని వల్లే మొలిచిందని శానా సంతోషపడినాం. కలపనిదాన్ని పక్కన పెట్టి చూడలేదు. మొన్న చూసినా. ఏమీ కలపకున్నా మొలిచింది. అంటే నేను చేసింది ఏమీ లేదు. నేను రాసింది తప్పు. అందుకని పుస్తకం ఇయ్యలేదు. మా నాయన్ను ఏమీ అనుకోవద్దండి."

ఇంతకంటే తేటగా ఆ విషయాన్ని ఏ సదస్సులోనూ ఎవరూ చెప్పి ఉండరు. ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చున్న ఒక ముసలమ్మ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

"ఏమీ ఏయకున్నా మొలిచిందా పాపా?" అంది.

"మొలిచిందవ్వా."

"ఎండలో?"

"ఎండలోనే."

ముసలమ్మ చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది. "మేము ఇత్తనమేస్తిమి, ఎరువేస్తిమి, మొగులు దిక్కు సూసుకుంటా కూచుంటిమి. ఒక్కటన్నా మొలిచెనా? నీకు ఊరికే మొలిస్తే తప్పంటావేందే? మొలిస్తే మంచిదే గదా!"

కొంతమంది తలలూపారు. నిజమే కదా అన్నట్టు ఒక గుసగుస చాపల మీద పాకింది. వాళ్ళ ముఖాల్లో ఎగతాళి లేదు. ఆ పిల్ల ఎందుకు బాధపడుతోందో తెలుసుకోవాలనే ఆత్రం ఉంది, అంతే. ఆమె నా వైపు చూసింది. తండ్రి వైపు చూడలేదు, నా వైపే చూసింది. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినదాన్ని, లేచి ఒక్క మాట సాయం చెప్పగలనేమోనని వెతుక్కున్నాను. ఆ సంవత్సరం, ఆ ఊళ్ళో, ఆ ముసలమ్మకు మొలవడం ఎలా తప్పవుతుందో చెప్పే మాట నాకు దొరకలేదు.

"మంచిదే అవ్వా" అంది అమ్మాయి. "మొలిస్తే మంచిదే."

"స్తోత్రం" అన్నారు పాస్టరుగారు. అందరూ స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా ఆమె తండ్రి అన్నాడు. ఆయన ముఖం చాలా రోజుల తరువాత తేటపడింది. కూతురు ఏదో మంచి పనే చేసిందనీ, ఆ పెద్ద చదువుల వాళ్ళకే అర్థం కాలేదనీ ఆయనకు ఆ క్షణంలో తోచినట్టుంది. పాట ఎత్తుకున్నారు.

ఆమె వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఖాళీ ప్లేటు చూసిన రోజు ఆమె ఏడవలేదు. పెద్దాయన ముందు ఏడవలేదు. గడువు పోయిన రోజు కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. డాక్టరేటు పోయిందని ఆమెకు ముందే తెలుసు. తాను ఏం పోగొట్టుకుందో, ఎందుకు పోగొట్టుకుందో తన వాళ్ళకు ఎప్పటికీ తెలియదని ఆ పూట తెలిసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అది సంతోషం పట్టలేక వచ్చిన ఏడుపనుకుని, ఆమె వీపు నిమురుతూ పాడుతున్నారు.